రాత్రివేళ తప్పిన దిక్కు

పాత ట్రాన్సిస్టర్ రేడియోలో నూరు, నూటయాభై కిలోమీటర్ల దూరపు మీడియం వేవ్ స్టేషను పెట్టి, పెట్టెను మెల్లగా చుట్టూ తిప్పి చూడండి. ఒకచోట ధ్వని అణగిపోతుంది. లోపలి ఫెర్రైట్ కడ్డీ స్టేషను దిక్కుకు తిరిగిందన్నమాట. పగలు ఈ గుర్తు నికరంగా దొరుకుతుంది. చీకటి పడిన తరువాత అదే గుర్తు పక్కకు జరుగుతుంది, మసకబారుతుంది, ఒక్కొక్కప్పుడు అసలే చిక్కదు. చిన్నతనంలో మా ఇంట రేడియో పాడైందనుకునేవారం.

నేను తెలుగు పాఠం చెప్పుకునేవాడిని. భౌతికశాస్త్రం నా సొత్తు కాదు. అయినా ఈ ‘పాడు’ వెనుక కథ మన విద్యార్థులకు తెలియాలని నా కోరిక.

పగలు అయనావరణపు అడుగుపొర ఈ తరంగాలను మింగివేస్తుంది. నేలవెంట వచ్చిన తరంగమే మనకు అందుతుంది. సూర్యాస్తమయంతో ఆ పొర సన్నగిల్లగా, దాదాపు నూరు కిలోమీటర్ల ఎత్తునుండీ అంతకు పైనుండీ పరావర్తనం చెందిన తరంగం కూడ దిగివస్తుంది. రెండూ కలిసి దిక్కును తారుమారు చేస్తాయి. ఓడలకు దారి చూపే యంత్రాలను సైతం తికమక పెట్టిన ఈ చిక్కుకు నిపుణులు ‘రాత్రి దోషం’ అని పేరు పెట్టారు. 1919లో ఆడ్‌కాక్ అనే ఆంగ్లేయుడు చుట్ట ఏరియల్‌కు బదులు నిలువు ఏరియళ్ళు నిలిపి దీనిని చాలవరకు వదిలించాడు.

వదిలించుకోవడం ఒక మార్గం. దోషాన్నే చదవడం మరొక మార్గం. ఆపిల్‌టన్, బార్నెట్‌లు 1924 డిసెంబరులో బోర్న్‌మత్ ప్రసారాన్ని ఆక్స్‌ఫర్డులో అందుకొని, ఆ హెచ్చుతగ్గుల నుండే పొర ఎత్తును లెక్కగట్టారు. చుట్ట ఏరియల్‌లోను, నిలువు ఏరియల్‌లోను సంకేతపు బలాన్ని పోల్చి, కిరణం పైనుండే దిగుతున్నదని చూపారు. 1934లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలకు చెందిన ఫ్రీస్, ఫెల్డ్‌మన్, షార్ప్‌లెస్‌లు ఇంగ్లండు షార్ట్‌వేవ్ సంకేతం ఒకే కోణంలో గాక, వేర్వేరు కోణాల్లో గుంపులుగా దిగుతుందని ప్రకటించారు. వారి ఉపాయపు మూలం సులువైనది. కిరణం వచ్చే దారివెంట 20 మీటర్ల ఎడంతో రెండు ఏరియళ్ళున్నాయనుకుందాం. రెండవదానిని చేరడానికి తరంగం 10 మీటర్లు అదనంగా నడిస్తే, అది నేలనుండి 60 డిగ్రీల ఎత్తున దిగుతున్నదని అర్థం. ఇలా కొలిచిచూస్తేనే తెలిసింది, పుస్తకాల్లో గీసే నున్నని అద్దం పైన లేదని. సంధ్యవేళల్లో ఆ పొర ఒరుగుతుంది, అలలు పోతుంది.

వాల్తేరులో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఆచార్యులు బి. రామచంద్రరావుగారు, వారి సహచరులు 1950లలో ఎడంగా నిలిపిన రిసీవర్లలో సంకేతం ఏయే క్షణాన క్షీణించిందో సరిపోల్చి, అయనావరణపు గాలుల గమనాన్ని పరిశోధించారు. శ్రోతకు విసుగైన క్షీణత వారికి వాచకమైంది.

మన ప్రయోగశాలల్లోనో? విద్యార్థి ఒకడు ‘కుదరని’ రెండు రీడింగులను రబ్బరుతో చెరిపి, పక్కవాడి అంకెలు దించుకోవడం కళ్ళారా చూశాను. తప్పు వాడిదని అనలేను. కుదిరిన అంకెకే మార్కులిచ్చేది మనమే గదా!

ఈ ఏటి విజ్ఞాన ప్రదర్శనకు థర్మోకోల్ నమూనాలు కొంత తగ్గించి, పాత రేడియో ఒకటి, కోణమాపకం ఒకటి కిటికీ దగ్గర పెట్టించండి. నెలరోజులు, సూర్యాస్తమయానికి గంట ముందు, గంట తరువాత, స్టేషను దిక్కు రాయించండి. పేజీలకు అంకెలు వేసి, పెన్నుతోనే రాయమనండి.