పావు వంతు చక్కెర! దేంట్లో పావు?

నయీంనగర్‌లో కాలేజీ పిల్లల చేతుల్లో ఇప్పుడు బబుల్ టీ గ్లాసులే. "25 శాతం షుగరే ఆంటీ" అని ధీమాగా చెబుతారు. నాకు ఒళ్లు మండేది ఆ శాతం దగ్గరే. దేంట్లో 25 శాతం? నూరు శాతమంటే ఎన్ని చెంచాలో బోర్డు మీద ఉండదు. అడిగితే కౌంటర్ అబ్బాయి నవ్వి ఊరుకుంటాడు.

అసలు సంగతంతా గ్లాసు అడుగున ఉంది. 1980ల్లో తైవాన్‌లో పుట్టిన ఈ టీలోని నల్ల ముత్యాలు మన సాబుదానాకు అక్కచెల్లెళ్లే. రెండూ కర్రపెండలం పిండితో చేసేవే. పైగా ఉడికించాక బ్రౌన్ షుగర్ పాకంలో నానబెడతారు. టీలో షుగర్ తగ్గించమంటే ఆ పాకం తగ్గుతుందా?

చక్కెర రోజుకు 25 గ్రాములు, అంటే ఆరు చెంచాలు దాటకపోతే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఇంట్లో చాయ్‌లో అరచెంచా తగ్గించుకునే మనం అక్కడ లెక్క అడగొద్దా? పది, అంతకు మించి శాఖలున్న హోటళ్లు మెనూలో క్యాలరీలు రాయాలని 2022 జూలై నుంచి నిబంధన ఉంది. గల్లీలోని ఒంటరి షాపుకు అది లేదు. లేకపోతే మాత్రం, కొలిచి పోసేవాడికి గ్రాములు రాయడం అంత కష్టమా? ఆడపిల్లను "లావైతున్నవ్" అని సాధించే నోళ్లు ముందు ఆ బోర్డును అడగాలి.

అప్పటిదాకా చిన్న గ్లాసు చెప్పండి. క్రీమర్ పొడి వద్దని మామూలు పాలు పోయమనండి. ముత్యాలు మానెయ్యండి. అవి లేకపోతే బబుల్ టీ ఎట్లయితదని మా అమ్మాయి కోపం. అయితే ముత్యాలు ఉంచుకొని, టీలో చక్కెర సున్నా చెప్పమన్నాను.