వంట దానంతటదే అవదు

మా నాయన చేనికాడి నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటూ రోజూ ఒకే మాట అడిగేవాడు. "సంగటి అయిందా మే?" మా అమ్మ కుండ కదలకుండా అదిమిపట్టుకుని, తెడ్డుతో పిండి ఉండల్ని చిదుపుతూ, తలెత్తకుండానే జవాబిచ్చేది. "అదెట్లవతాది? నేను కెలకతా ఉండా."

పిల్లలం అది విసుగనుకునేవాళ్ళం. చిత్తూరు పక్క ఆ పల్లె వదిలి, తిరుపతిలో ఇరవయ్యేళ్ళు తెలుగు పాఠాలు చెప్పాక, ఒకరోజు క్లాసులో సకర్మక, అకర్మక క్రియల గురించి మాట్లాడుతుంటే అమ్మ మాట గుర్తొచ్చింది. ఆమె చేసింది విసుక్కోవడం కాదని అప్పుడు అర్థమైంది. ఆమె మా నాయన వాక్యాన్ని సరిదిద్దింది.

వంటింటి క్రియల్ని ఒకసారి వరసగా చూడండి. దాదాపు అన్నీ జంటలే. బియ్యం ఉడుకుతాయి, మనం ఉడికిస్తాం. శనగపప్పు వేగుతుంది, మనం వేయిస్తాం. పాలు కాగుతాయి, మనం కాస్తాం. మినప్పప్పు నానుతుంది, మనం నానబెడతాం. వస్తువు తనంతట తాను చేసే పనికో మాట, మనిషి చేయించే పనికో మాట. కానీ 'వండు' అనే క్రియకు ఈ జంట లేదు. అన్నం దానంతటది ఉడకొచ్చు గానీ దానంతటది వండుకోలేదు. వండాలంటే మనిషి ఉండి తీరాలి. ఏ పప్పు ముందు, ఏది తర్వాత, మంట ఎంత, ఉప్పు ఎంత, ఇంట్లో ఎందరు, డబ్బాలో మిగిలిందెంత - ఇన్ని నిర్ణయాలు కలిస్తేనే 'వండు'. ఆ సంగతి మన భాషకు తెలుసు.

భాష ఒప్పుకోనిదాన్ని మనుషులు ఇంకోదారిలో సాధించుకున్నారు. క్రియలోంచి 'వంట' అనే నామవాచకాన్ని తీసి, దానికి 'అవు' తగిలించారు. "వంట అయిందా?" "ఇంకా వంట కాలేదా?" తెల్లారినట్టు, వాన వెలిసినట్టు, వంట కూడా అయిపోతుందన్నమాట!

తెలుగులో కర్తను చెప్పకుండా మాట్లాడటం సహజమే, దానికింత రాద్ధాంతం ఎందుకు అని భాషాశాస్త్ర మిత్రులు అంటారు. కర్తను చెప్పకపోవడం వేరు, లేకుండా చేయడం వేరు. "వండాను", "వండావు", "వండారు" అన్నప్పుడు కర్త పైకి కనబడకపోయినా క్రియ చివర కూర్చునే ఉంటుంది. "వంట అయింది"లో ఆ మూలన కూడా ఆమెకు చోటు లేదు. పైగా మన క్రియ ఏకవచనంలో స్త్రీకీ వస్తువుకీ తేడా చూపించదు. అతను వండాడు. ఆమె వండింది, కుక్కరు కూసింది. ఇద్దరికీ ఒకటే ప్రత్యయం.

మరి ఆ కర్త ఎప్పుడూ కనిపించదా అంటే, రెండు సందర్భాల్లో తప్పక కనిపిస్తుంది. మొదటిది, తప్పు జరిగినప్పుడు. కూర బాగుంటే "కూర బాగుంది". ఉప్పెక్కువైతే "ఎవరు వండినారిది?" అన్నం సరిగ్గా ఉంటే అది 'అయింది', అడుగంటితే ఆమె 'మాడ్చింది'. రెండోది, వండినవాడు మగవాడైనప్పుడు. "ఇవాళ మా ఆయనే వంట చేశాడు." ఎంత నిండైన వాక్యమో చూడండి. కర్త, కర్మ, క్రియ, కర్తను ఎత్తిపట్టే 'ఏ' కూడా. అదే వాక్యం ఆమె గురించి ఎవరైనా అన్నారా? అంటే విన్నవాళ్ళు నవ్వరూ?

ఇది ఇంటి మాటలతో ఆగితే ఇంత రాసేదాన్ని కాదు. 2011 జనగణనలో, ఇంటిపని మాత్రమే చేసే స్త్రీ 'పని చేయనివారి' లెక్కలో పడింది. కేంద్ర గణాంక శాఖ 2019లో జరిపిన కాల వినియోగ సర్వేలో జీతంలేని ఇంటిపని చేసే స్త్రీలు దానికి రోజుకు 299 నిమిషాలు ఖర్చుపెడుతున్నారనీ, చేసే కొద్దిమంది పురుషులు 97 నిమిషాలు పెడుతున్నారనీ తేలింది. అంటే దాదాపు అయిదు గంటల పని చేసిన మనిషి, పని చేయని మనిషి. "వంట అయింది" అనే వాక్యానికి ప్రభుత్వ అనువాదం ఇది.

కొండమీదికి చూడండి. తిరుమల ఆలయ వంటశాలను 'పోటు' అంటారు. సంప్రదాయంగా అక్కడ వండేది వైష్ణవ బ్రాహ్మణ పురుషులు. పేపర్లు వాళ్ళను 'పోటు కార్మికులు' అని రాస్తాయి. బాగుంది, వండేవాళ్ళు కార్మికులే. వాళ్ళు చేసే లడ్డూకు 2009లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఇక స్వామికి తల్లి అయిన వకుళమాత వంటలను పర్యవేక్షిస్తుందని ఐతిహ్యం. అమ్మ దేవతగా పోటును చూస్తూ ఉండొచ్చు, ఆడమనిషిగా లోపల గరిటె పట్టలేదు.

కొండ దిగి ఏ ప్రభుత్వ బడికైనా వెళ్ళండి. మధ్యాహ్న భోజనం వండేది దాదాపు అందరూ స్త్రీలే. వంటవాళ్ళ నియామకాల్లో దళితులకు, ఆదివాసులకు ప్రాధాన్యమివ్వాలని సుప్రీంకోర్టు 2004లో చెప్పింది కాబట్టి, ఆ పొయ్యి దగ్గర కులం గోడ కూడా కొంత కదిలింది. కానీ కాగితం మీద ఈమె కార్మికురాలు కాదు, 'కుక్ కమ్ హెల్పర్'. తీసుకునేది జీతం కాదు, 'గౌరవ వేతనం'. 2009లో కేంద్రం దాన్ని నెలకు 1,000 రూపాయలుగా నిర్ణయించింది. మన రాష్ట్రంలో అది 3,000 కావడానికి 2019 దాకా పట్టింది. 2024లో ఈ పథకానికి డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. ఆకలన్నవాళ్ళకు అన్నం పెట్టిన తల్లి పేరు పెట్టడం మంచిదే. అయితే బోర్డు మీద ఒక స్త్రీ పేరుకెక్కిన గౌరవం, వెనక పొగలో ఉన్న స్త్రీ పనికి ఎందుకు ఎక్కలేదు? నామవాచకానికి దండలు, క్రియకు గౌరవ వేతనం!

వంటింట్లోంచి బయటపడటానికి ఇన్నేళ్ళు రాశాం, మళ్ళీ ఆ వంట గోలేనా అని నా స్నేహితురాళ్ళే అంటారు. విమల 'వంటిల్లు' చదివి ఉలిక్కిపడిన తరమే నాదీ. ఆ గోడలు కూలాలన్న కోరికలో మార్పేమీ లేదు. కానీ మనం బయటికొచ్చినంత మాత్రాన వంట ఆగిందా? మనలో చాలామంది ఇళ్ళల్లో ఆ గరిటె ఇంకో స్త్రీ చేతికి మారింది. ఇప్పుడు మనం కూడా ఆఫీసునుంచి ఫోన్ చేసి "వంటయిందా?" అనే అడుగుతున్నాం. మా నాయన వాక్యం నా నోట్లోకి ఎప్పుడొచ్చిందో నాకే తెలీదు.

రాతలోనూ ఇదే పని చేస్తున్నాం. ఈమధ్య ఒక సెమినార్‌లో సీమ ఆహారసంస్కృతి మీద పత్రం విన్నాను. సంగటి, ఊరిబిండి, ఓళిగలు, అన్నీ వచ్చాయి. అన్నీ 'తయారుచేయబడతాయి', 'వండబడతాయి'. పదిహేను పేజీల్లో వండిన మనిషి ఒక్కతీ లేదు. చదివింది స్త్రీ. చప్పట్లు కొట్టిన వాళ్ళలో నేనూ ఉన్నాను.

అందుకే రాసేవాళ్ళనీ, పాఠం చెప్పేవాళ్ళనీ అడుగుతున్నాను. 'వంట' అనే మాటను మానెయ్యమనడం లేదు. దాన్ని 'అవు' పక్కన కూర్చోబెట్టే ముందు ఒక్కసారి ఆగుదాం. పరిశోధన పత్రాల్లోంచి 'బడు'ను ఏరేద్దాం. ఎవరు వండారో, ఎవరికోసం, ఎంత కూలికి వండారో రాద్దాం. ఇంట్లో "వంటయిందా?" అని వినబడితే మా అమ్మలా సరిదిద్దుదాం. వాక్యం మారితే జీతం పెరగదు, నిజమే. కానీ ఎవరు చేశారో చెప్పలేని పనికి జీతం అడిగేదెలా?

ఆ సెమినార్ రోజు మధ్యాహ్నం చక్కటి భోజనం పెట్టారు. వందన సమర్పణలో "రుచికరమైన భోజనం ఏర్పాటు చేసిన నిర్వాహకులకు" కృతజ్ఞతలు చెప్పారు. నేను వెనకవైపు వంటగదికి వెళ్ళి, గిన్నెలు తోముతున్న వాళ్ళను, "సంగటి ఎవరమ్మా వండింది?" అని అడిగాను.

అందులో ఒకావిడ చెయ్యి కడుక్కుని గబగబా లేచి నిలబడింది.

"నేనే మేడం. ఏమన్నా ఉప్పెక్కువైందా?"