మరచెంబు, కూజా, సీసా

ఊరికి బయల్దేరే ముందు ఇంటిల్లిపాదికీ మంచినీళ్లు సర్దేది మనమే. దారిలో ఆ నీళ్లు తాగకుండా కూర్చునేదీ మనమే. అవునంటారా, కాదంటారా?

మా అమ్మమ్మగారి రోజుల్లో ప్రయాణమంటే ముందు అటక మీంచి మరచెంబు దిగేది. ఇత్తడిది. మూత బిగించి తిప్పితే చుక్క ఒలికేది కాదు. బయటి నీళ్లు ముట్టని మడి ఆవిడది. అప్పట్లో చాలా స్టేషన్లలో హిందువులకొక కుండ, ముస్లింలకొక కుండ ఉండేవి లెండి, నీళ్లకి కూడా మతం అంటగట్టి! అమ్మ కాలానికి మట్టికూజా వచ్చింది. ఏ మాట కామాటే చెప్పుకోవాలి, వేసవిలో ఆ కూజానీళ్ల రుచి ఏ ఫ్రిజ్జుకీ రాదు. అవి అయిపోతే నాన్నగారు ప్లాట్‌ఫారం కుళాయి దగ్గరకి పరుగెత్తేవారు. ఇంజను కూత వేసిందా, కిటికీ దగ్గర అమ్మ గుండె గుభేలుమనేది. ఆ తర్వాత ప్లాస్టిక్ బాటిళ్లు, సీలు వేసిన సీసాలు, 2003 నుంచి రైల్వేవారి రైల్‌నీరు.

ప్రయాణాలూ అలాగే మారాయి. 1974లో రోడ్డు–రైలు వంతెన వచ్చేదాకా కొవ్వూరు నుంచి రాజమండ్రికి రోడ్డు దారిన వెళ్లేవాళ్లు గోదావరి మీద లాంచీ ఎక్కాల్సిందే. 2023 జనవరిలో మొదలైన వందే భారత్ విశాఖ నుంచి సికింద్రాబాదుకి ఎనిమిదిన్నర గంటల్లో చేర్చేసింది. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రలో 2025 ఆగస్టు నుంచి ఆడవాళ్లకి కొన్ని రకాల ఆర్టీసీ బస్సుల్లో టిక్కెట్టు డబ్బులే లేవు. అంతా బాగానే ఉంది. మరి నీళ్లు తాగుతున్నామా?

మా మేనత్త 1968లో కాశీ వెళ్లింది. మూడో తరగతి పెట్టె. పాయిఖానా దాకా వెళ్లాలంటే దారి పొడుగునా కూర్చున్న మగవాళ్లని తప్పుకోమంటూ, అందరి కళ్లముందూ వెళ్లాలి. అంచేత వెళ్లేప్పుడూ వచ్చేప్పుడూ నోరు తడుపుకోవడమే తప్ప నీళ్లు తాగలేదు. ఇంటికొచ్చాక మూత్రంలో మంట, చలిజ్వరం, వారం రోజులు మంచం. ఎండదెబ్బ అన్నారంతా. అసలు సంగతి ఆవిడ పదేళ్ల తర్వాత గానీ బయటపెట్టలేదు. మగవాళ్ల ముందు చెప్పే మాటా అది!

ఇప్పుడు మాత్రం? రైళ్లలో బయో టాయిలెట్లు వచ్చాయి. కానీ రాత్రి బస్సు ఏ ధాబా దగ్గరో ఆగితే మగవాళ్లు చీకట్లోకి నడిచిపోతారు, మనం సీట్లోనే కూర్చుంటాం. ఆ మాటకొస్తే, సురేఖా యాదవ్‌గారు రైలింజను నడపడం మొదలుపెట్టింది 1988లో. ఇంజన్లలో మరుగుదొడ్డి అమర్చడం మొదలైంది 2016లో. ఆ మధ్య ఆడ డ్రైవర్లు ఏం చేశారో మనం ఊహించుకోగలం.

నీళ్లు మానేస్తే మూత్రం చిక్కబడుతుంది. గంటలకొద్దీ బిగబట్టుకుంటే ఇన్ఫెక్షన్ రావడానికి సందు దొరుకుతుంది. గర్భిణులూ, షుగరున్నవాళ్లూ మరీ జాగ్రత్తగా ఉండాలి. కాబట్టి బస్సెక్కే ముందు కాఫీ, టీలు తగ్గించండి, నీళ్లు తగ్గించకండి. ఒక్కసారే గటగటా తాగకుండా అరగంటకోసారి రెండు గుక్కలు వేయండి. మంటతోబాటు జ్వరం కూడా వస్తే బార్లీనీళ్లతో సరిపెట్టకుండా డాక్టరుకి చూపించుకోండి. చేతిసంచీలో సబ్బుబిళ్ల, పాత నూలుగుడ్డ, చిల్లర డబ్బులు పెట్టుకోండి. బస్టాండులో డబ్బు తీసుకునే మరుగుదొడ్డి ఉంటే మొహమాటపడకుండా బస్సు కదలక ముందే వెళ్లిరండి.

బస్సెక్కగానే డ్రైవరుగారిని అడగండి, “ఎక్కడ ఆపుతారు నాయనా, ఆడవాళ్లకి వసతి ఉన్నచోటేనా?” అని. కాస్త గట్టిగానే అడగండి. వెనక సీట్లలో మరో నలుగురు ఆ జవాబు కోసమే చెవులు రిక్కించి ఉంటారు.