ఆక్వేరియం నీటిలో ముందు చూడవలసినది క్షారత

మంచినీటి ఆక్వేరియంలో చేపలు నీరసించగానే చాలామంది ఉదజని సూచికను పరీక్షిస్తారు. అది 8 దాటి ఉంటే ఆమ్ల ద్రావణాన్ని చుక్కలుగా కలిపి 7కు దింపుతారు. దుకాణాలలో తరచుగా లభించే సలహా కూడా ఇదే. క్షారతను కొలవకుండా సూచికను దిద్దడం వ్యర్థమని, కొన్ని సందర్భాలలో ప్రమాదకరమని మా అభిప్రాయం.

తెలంగాణ, రాయలసీమ ప్రాంతాల బోరు నీటిలో అనేకచోట్ల బైకార్బొనేట్లు అధికం. కలిపిన ఆమ్లాన్ని ఇవి తటస్థీకరించే క్రమంలో కార్బన్ డయాక్సైడు వెలువడి, సూచిక అప్పటికి తగ్గుతుంది. గాలి పంపు ఆ వాయువును వెళ్లగొట్టిన కొద్దీ సూచిక తిరిగి పెరుగుతుంది. మళ్లీ చుక్కలు, మళ్లీ పెరుగుదల. సూచికలో ఒక్క అంకె మార్పు హైడ్రోజన్ అయాన్ల గాఢతలో పది రెట్ల మార్పు కనుక, నిలకడగా 8 వద్ద ఉన్న నీటికంటే ఈ ఎగుడుదిగుడులే చేపలను ఎక్కువగా కుంగదీస్తాయి.

దీనికి విరుద్ధమైన స్థితి నెలల తరబడి నీరు మార్చని తొట్టెలలో ఏర్పడుతుంది. ఒక గ్రాము అమోనియా నత్రజని నైట్రేటుగా మారేటప్పుడు, కాల్షియం కార్బొనేటు లెక్కన సుమారు 7 గ్రాముల క్షారత ఖర్చవుతుంది. క్షారత తరిగిపోగా నీరు ఆమ్లగుణం పొందుతుంది, నత్రీకరణ బాక్టీరియా మందగిస్తుంది, అమోనియా పేరుకుంటుంది. అయితే ఆమ్ల నీటిలో అది అధికభాగం విషతీవ్రత తక్కువైన అమ్మోనియం రూపంలో ఉన్నందున చేపలు బ్రతికే ఉంటాయి. శుభ్రం చేద్దామని ఒకేసారి సగం నీరు తీసి బోరు నీరు నింపితే సూచిక పెరిగి, అమ్మోనియం విషపూరిత అమోనియాగా మారుతుంది. 25 డిగ్రీల సెల్సియస్ వద్ద ఈ విషరూపం సూచిక 7 ఉన్నప్పుడు మొత్తంలో 0.6 శాతం, 8 వద్ద సుమారు 5 శాతం. తెల్లవారేసరికి చేపలు చనిపోతే నింద బోరు నీటిపై పడుతుంది.

కఠిన జలం ఉన్నచోట గప్పీ, మోలీ, ప్లాటీలను పెంచడమే సులభమార్గం. అమెజాన్ మృదుజలాలకు చెందిన నియాన్ టెట్రా, డిస్కస్‌ల పునరుత్పత్తికి మాత్రం ఆర్.ఓ. నీరు కలపక తప్పదు. లీటరుకు 300 మిల్లీగ్రాముల క్షారత గల నీటి ఒక వంతుకు ఆర్.ఓ. నీరు రెండు వంతులు చేరిస్తే క్షారత 100 సమీపానికి వస్తుంది. ఇళ్లలో కఠినత్వాన్ని తగ్గించే సోడియం యంత్రాలు ఇందుకు పనికిరావు. అవి కాల్షియాన్ని తొలగిస్తాయే గాని క్షారతను తగ్గించవు.

రంగు చేపల పెంపకాన్ని ఉపాధిగా ఎంచుకొనే మహిళా సంఘాలకు ఇచ్చే శిక్షణలో మిథైల్ ఆరెంజ్ సూచకంతో చేసే క్షారత పరీక్షను మొదటిరోజే చేతితో చేయించాలి. చేపపిల్లల కొనుగోలు ఆ ఫలితం చూసిన తరువాతనే జరగాలి.