నూటికి ఎందరను లెక్క యొక్కటే చాలునా?

పదవ తరగతి పరీక్షా ఫలితములలో మన వేలూరు జిల్లా పేరు కడపటి వరుసకు చేరుట మనకందరకు మనస్తాపము కలిగించిన విషయము. 2024వ సంవత్సరమున రాష్ట్రమంతటను నూటికి 91.55 మంది ఉత్తీర్ణులైరి. అరియలూరు జిల్లా 97.31తో మొదటను, వేలూరు జిల్లా 82.07తో తుదను నిలిచినవి. 2025లో మన జిల్లా 85.44కు పెరిగినది గాని, రాష్ట్రము కూడ 93.80కి పెరిగినందున మన స్థానము మాత్రము మారలేదు.

ఈ అంకెలు చదివిన తల్లిదండ్రులకు, ఊరి ప్రభుత్వోన్నత పాఠశాలనుండి బిడ్డను మాన్పించి, అప్పుచేసియైనను వేఱొకచోట చేర్పింతమను తలంపు కలుగుట సహజము. ఆ ఆరాటమును మేము తప్పుపట్టము. అయినను, మేల్పాడి మొదలు గుడియాత్తము వఱకు గల మన కుటుంబములవారు ఆ నిర్ణయమునకు ముందు, అంకె యేమి చెప్పుచున్నది, యేమి చెప్పుట లేదు అని విచారింపవలెనని మా మనవి.

జిల్లా లెక్క జిల్లాదే గాని పాఠశాలది కాదు. పైగా జిల్లా యెల్లలే స్థిరముగా లేవు. ఉత్తరార్కాటు నుండి 1911లో చిత్తూరు సీమ విడివడినది. 1989లో ఆ జిల్లా మరల రెండైనది. 2019లో వేలూరు నుండి రాణిపేట, తిరుపత్తూరు జిల్లాలు వేఱైనవి. అట్లు వేఱైన రాణిపేటయే 2023లో 83.54తో రాష్ట్రమున కడపట నిలిచినది. కావున 2019కి ముందటి వేలూరును నేటి వేలూరుతో పోల్చుట ఒకే పేరుగల రెండు వేఱు ప్రాంతములను పోల్చుటయే యగును. 2020, 2021 సంవత్సరములలో మహమ్మారి కారణముగా పరీక్షలే జరుగలేదు. అందఱును ఉత్తీర్ణులుగా ప్రకటింపబడిరి. ఆ రెండేండ్ల లెక్క ఏ పాఠశాలకును కీర్తి కాదు.

ఇక పాఠశాల తానుగా ప్రకటించుకొను ‘నూటికి నూఱు’ మాట. రెండు పాఠశాలలను ఊహింపుడు. రెండింటను తొమ్మిదవ తరగతిలో 60 మంది చొప్పున కలరు. మొదటిది అందఱను పరీక్షకు పంపగా 51 మంది గట్టెక్కిరి; అనగా నూటికి 85. రెండవది వెనుకబడినవారిని తొమ్మిదిలోనే నిలిపియో, ప్రైవేటుగా వ్రాసికొమ్మని పంపివేసియో, 40 మందిని మాత్రమే కూర్చుండబెట్టి 40 మందిని గట్టెక్కించినది; అనగా నూటికి నూఱు. గోడమీది ప్రకటనలో రెండవదే గొప్పది. కాని మొదటిది 51 మంది బిడ్డలను ఒడ్డుకు చేర్చగా రెండవది చేర్చినది 40 మందినే. ఎనిమిదవ తరగతి వఱకు మన రాష్ట్రమున ఎవరిని నిలుపరాదు గనుక, ఈ జల్లెడ పట్టుట తొమ్మిదిలోనే జరుగును. ప్రవేశ పరీక్ష పెట్టి చుఱుకైనవారినే చేర్చుకొను పాఠశాల ఫలితమందు ఆ పాఠశాల బోధ యెంతయో, ముందే బిడ్డకు గల నేర్పెంతయో వేఱుచేసి చెప్పుట కష్టము.

కావున అడుగవలసిన లెక్కలు నాలుగు. నిరుటి తొమ్మిదవ తరగతిలో ఎందరుండిరి? వారిలో పదవ తరగతి పరీక్షకు కూర్చున్నవారెందఱు? ఉత్తీర్ణులెందఱు? ప్రతి పాఠ్యాంశమునకు ఉపాధ్యాయుడు కలడా? తగ్గినవారిలో కొందఱు వలస పోయియుండవచ్చును. కావున కారణమును గూడ అడుగవలెను. తరగతివారీ విద్యార్థుల సంఖ్య, ఉపాధ్యాయుల సంఖ్య, బోధనా మాధ్యమము మొదలగునవి కేంద్ర ప్రభుత్వపు యూడైస్ ప్లస్ పట్టికలలో ప్రతి పాఠశాలకు గల 11 అంకెల గుర్తు సంఖ్యతో ఎవరైనను చూడవచ్చును. తక్కినవి పాఠశాలనే అడుగవలెను. ప్రభుత్వ, ఎయిడెడ్ పాఠశాలల నిర్వహణ సంఘములలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండవలెనని 2009 నాటి విద్యాహక్కు చట్టము విధించినది. ప్రభుత్వ పాఠశాల లెక్క చెప్పకున్నచో 2005 నాటి సమాచారహక్కు చట్టము కలదు.

మన తెలుగు విభాగముల విషయమున మఱింత జాగ్రత్త అవసరము. తరగతిలో పండ్రెండుగురే యున్నచోట ఒక్క బాలుడు తప్పినను నూటికి ఎనిమిదికి పైగా తగ్గును. అది పాఠశాల పతనము కాదు. మూడు నాలుగేండ్ల లెక్క కలిపి చూచిననే నిజము తెలియును. 2006 నాటి తమిళ అభ్యసన చట్టము ఒకటవ తరగతితో మొదలై 2015–16లో పదవ తరగతికి చేరినది. అల్పసంఖ్యాక భాషల విద్యార్థులకు కొన్ని యేండ్లు న్యాయస్థానములు మినహాయింపు నొసగినవి. 2023 ఫిబ్రవరిలో సుప్రీం కోర్టు దానిని మఱియొక యేడు పొడిగించినది. కావున మన బిడ్డ తప్పినచో ఏ పాఠ్యాంశమున తప్పెనో తెలియవలెను. గణితమున తప్పిన దానికి ఒక మందు, తమిళమున తప్పిన దానికి వేఱొక మందు. తమిళమును చక్కగ నేర్చుట మన బిడ్డల బ్రతుకునకు మేలు. తెలుగు చదువ వ్రాయ నేర్చుట వారి హక్కు. బిడ్డ తెలుగు చదువగలుగుచున్నాడా లేదా అన్నది ఉత్తీర్ణతా పట్టికలో ఎక్కడను కానరాదు. దానిని ఇంటిలో తల్లిదండ్రులే పరీక్షింపవలెను.

ఏటేట ఆగస్టు 1 నాటి విద్యార్థుల సంఖ్యనుబట్టి ఉపాధ్యాయ పదవులను లెక్కగట్టుదురు. ఒక్క జిల్లా అంకెను చూచి భయపడి నలుగురు మానినచో, అక్కడి తెలుగు ఉపాధ్యాయుని స్థానమే ప్రశ్నార్థకము కావచ్చును. అపుడు నష్టపోవువారు వేఱొకచోటికి పోజాలని బీద కుటుంబముల బిడ్డలు. పాఠశాల నిజముగా చెడినచో మానిపించుడు. దానికి మేమడ్డు చెప్పము. కాని చెడినదని తేల్చుటకు ముందు ఈ నాలుగు లెక్కలను తెప్పించుకొనుడు. మీ ఊరి పాఠశాల లెక్కలను వ్రాసి పంపినచో, బాలబాలికల పేర్లు లేకుండ, ఈ పత్రికయందు వరుసగా ప్రకటింతుము.