786 నోటు, చార్మినార్ రూపాయి: ఆన్‌లైన్ వేలంలో సొమ్ము పోకుండా

786 అంకెలున్న కరెన్సీ నోటు చేతికొస్తే దాన్ని ఖర్చుచేయక పర్సులోనో, బీరువాలోనో దాచుకునే అలవాటు మన ఇళ్ళలో చాలాకాలంగా ఉంది. బిస్మిల్లాహ్ అక్షరాలను అబ్జద్ లెక్కన కూడితే ఆ మొత్తం వస్తుందన్నదే దీనికి కారణం. ఈ సంఖ్యను బిస్మిల్లాహ్‌కు బదులుగా వాడటం సబబేనా అన్న విషయంలో పండితుల మధ్య భేదాభిప్రాయాలున్నాయి. ఆ చర్చ ఈ శీర్షిక పరిధిలోనిది కాదు. కానీ మన ఆదరాభిమానాలను పెట్టుబడిగా చేసుకుని ఆన్‌లైన్ వేలాల్లో సాగుతున్న వ్యాపారం గురించి, అందులో మోసపోకుండా ఉండే మార్గం గురించి, మోసపోతే సొమ్ము రాబట్టుకునే మార్గం గురించి తప్పక తెలుసుకోవాలి.

ముందు ఒక చిన్న లెక్క చూద్దాం. మన నోటుపై సంఖ్యలో మొదట అంకె, అక్షరాలు కలిసిన శ్రేణి గుర్తు ఉంటుంది. దాని తర్వాత ఆరు అంకెలుంటాయి. ఆ ఆరు అంకెల్లో చివరి మూడూ 786 అయ్యే నోటు ప్రతి వెయ్యింటిలో ఒకటి తప్పనిసరిగా ఉంటుంది. చివరనే కాక మధ్యలోనో, మొదట్లోనో 786 వచ్చినా చాలునంటే ప్రతి వెయ్యింటిలో దాదాపు నాలుగు నోట్లు దొరుకుతాయి. కట్టకు వంద చొప్పున పది కట్టలు లెక్కపెట్టే దుకాణదారుకు సగటున నాలుగు 786 నోట్లు తగులుతాయన్నమాట. ఇక ఆరు అంకెలూ 786786గా ఉన్న నోటు ఒక్కో శ్రేణిలో ఒకటే ఉంటుంది. దానికి సేకర్తలు కొంత అదనంగా ఇవ్వవచ్చు. మామూలు 786 నోటుకు లక్షలు పలుకుతాయన్న ప్రకటనలో మాత్రం నిజం లేదు. అమ్మకందారు తెరపై ఎంత ధరైనా రాసుకోవచ్చు. ఆ ధరకు ఎవరైనా కొన్నారా అన్నదే అసలు ప్రశ్న. వేలం సైట్లలో అమ్ముడైన వస్తువులను విడిగా చూపే ఏర్పాటు ఉంటుంది. ధర తెలుసుకోవాలంటే అక్కడ చూడాలి.

ఈ మోసం రెండు వైపులా సాగుతుంది. నోటు కొనేవారినే కాదు, అమ్మాలనుకునేవారినీ పట్టుకుంటుంది. మీ నోటును ఐదు లక్షలకు కొంటామని ఒకరు ఫోన్ చేస్తారు. మొదట నమోదు రుసుము అంటారు, తర్వాత పన్ను అంటారు, ఆ తర్వాత రిజర్వు బ్యాంకు అనుమతి రుసుము అంటారు. చిన్న చిన్న మొత్తాలే కదా అని ఇంటి ఆడవారో, పెద్దవారో ఒకదాని తర్వాత ఒకటి చెల్లిస్తూ పోతారు. ఇది ఎంతగా పెరిగిందంటే 2021 ఆగస్టులో రిజర్వు బ్యాంకే ప్రకటన విడుదల చేయవలసి వచ్చింది. తన పేరును, చిహ్నాన్ని వాడుకుని కొందరు పాత నోట్లు, నాణేల క్రయవిక్రయాలలో రుసుము, కమీషన్, పన్ను వసూలు చేస్తున్నారనీ, అటువంటి వ్యవహారాలతో తనకు సంబంధం లేదనీ, ఆ వసూళ్ళకు ఏ సంస్థకూ, ఏ వ్యక్తికీ అధికారం ఇవ్వలేదనీ ఆ ప్రకటనలో స్పష్టం చేసింది. కనుక మన వస్తువును అమ్మడానికి మననే ముందుగా డబ్బు కట్టమని అడిగినప్పుడు ఆ సంభాషణను అక్కడితో ముగించాలి.

నోట్ల సంగతి ఇలా ఉండగా, నాణేలలో మోసం మరింత నేర్పుగా సాగుతుంది. మన ప్రాంతపు సేకర్తలు ఎక్కువగా వెతికేది నిజాం కాలపు చార్మినార్ రూపాయి. మీర్ మహబూబ్ అలీఖాన్ కాలంలో, హిజ్రీ 1321లో, అంటే సుమారు 1903-04లో చార్మినార్ చిత్రంతో ఈ నాణేలు మొదలయ్యాయి. హాలీ సిక్కాగా తెలంగాణ పల్లెల్లో పాత తరానికి సుపరిచితమైన నాణెం ఇదే. దీని బరువు సుమారు 11.2 గ్రాములు, అందులో వెండి 81.8 శాతం. బ్రిటిష్ ఇండియా రూపాయి బరువు 11.66 గ్రాములు, వెండి 91.7 శాతం. రెండూ ఒకటే అనుకుని తూచేవారు మంచి నాణేన్ని నకిలీ అని, నకిలీని మంచిదని పొరబడుతుంటారు.

ఉర్దూ చదవగలిగిన మన ఇళ్ళకు ఇక్కడ ఒక సౌలభ్యం ఉంది. చార్మినార్ వాకిలిలో ఒక అక్షరం కనిపిస్తుంది. మహబూబ్ అలీఖాన్ నాణేలపై అది 'మీమ్', 1911లో గద్దెనెక్కిన ఉస్మాన్ అలీఖాన్ నాణేలపై 'ఐన్'. హిజ్రీ సంవత్సరం కూడా అరబ్బీ అంకెల్లోనే ఉంటుంది. హిజ్రీ 1340 అని వేసి వాకిలిలో మీమ్ ఉన్న రూపాయిని ఎవరైనా చూపితే, అది టంకశాలలో పుట్టిన నాణెం కాదని తక్కెడ లేకుండానే చెప్పవచ్చు. నానమ్మలు, తాతయ్యలు ఫొటోను ఒక్కసారి పెద్దది చేసి చూస్తే తేలిపోయే విషయం ఇది. ఆసఫ్‌జాహీ నాణేలపై కనిపించే 92 అంకె కూడా ముహమ్మద్ (స) పేరుకు అబ్జద్ లెక్కే. దాన్ని సంవత్సరమని చెప్పి అమ్మజూపేవారికి ఆ నాణెం గురించి ఏమీ తెలియదని గ్రహించాలి.

ఐదో జార్జి చక్రవర్తి పేరిట 1911లో వచ్చిన రూపాయిది మరో కథ. రాజు ధరించిన వస్త్రంపై చెక్కిన ఏనుగు పందిలా కనిపిస్తోందని ముస్లింల నుంచి అభ్యంతరం వచ్చింది. ప్రభుత్వం ఆ నాణేలను ఉపసంహరించి, చాలా భాగం కరిగించి, 1912లో ఏనుగు బొమ్మను సరిదిద్దింది. అందువల్ల 1911 రూపాయి అరుదైనది, 1912 రూపాయి సర్వసాధారణమైనది. మోసగాడు చేసేదల్లా 1912లోని చివరి అంకెను చెక్కి 1గా మార్చడం. కానీ ఏనుగును మార్చడం అతని తరం కాదు. కనుక 1911 అని చెప్పే ఏ రూపాయినైనా తేదీ దగ్గర కాక ఏనుగు దగ్గర చూడాలి. తొండం, కాళ్ళు స్పష్టంగా ఏనుగువే అయితే అది 1912 నాణెమే. ఫొటోలో ఆ భాగం మసకగా ఉంటే మరో ఫొటో అడగాలి. పంపకపోతే పాట పాడకూడదు. 'ఈస్టిండియా కంపెనీ, 1818' అని రాసి మక్కా, మదీనా చిత్రాలు ముద్రించి అమ్మే రాగి బిళ్ళల విషయంలో ఇంత పరిశీలన కూడా అనవసరం. కంపెనీ అటువంటి నాణెం ఎన్నడూ ముద్రించలేదు. అవి ఇటీవలి తయారీలు.

ఖరీదైన నాణేలను ఎన్‌జీసీ, పీసీజీఎస్ వంటి సంస్థలు పరీక్షించి ప్లాస్టిక్ పెట్టెలో బిగించి సంఖ్య వేస్తాయి. ఆ సంఖ్యను ఆ సంస్థల సైటులో సరిచూసుకోవచ్చు. పెట్టెలకూ నకిలీలు వచ్చాయి కనుక సంఖ్యతో పాటు అక్కడి ఫొటోను కూడా పోల్చాలి. వాపసు చేయాలనుకుంటే ఆ పెట్టెను పగలగొట్టకూడదు. నాణేన్ని చింతపండుతో తోమడం, పాలిష్ చేయడం కూడా అంతే. వచ్చిన స్థితిలో లేని వస్తువును అమ్మకందారు తిరస్కరించడానికి అది చాలు.

ఇక వేలంపాట విషయం. వేలం ఇస్లాంలో నిషిద్ధం కాదు. కొనే ఉద్దేశం లేకుండా ఇతరులను రెచ్చగొట్టి ధర పెంచడానికే పాట పాడటం మాత్రం నిషిద్ధం. దాన్ని 'నజష్' అంటారు. దైవప్రవక్త (స) దాన్ని వారించినట్టు బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలు రెండింటిలోనూ ఉంది. ఆన్‌లైన్ వేలంలో ఈ పని మరింత సులువైంది. అమ్మకందారు మరో పేరుతోనో, స్నేహితుడి ఖాతాతోనో పాడతాడు. మీరు గరిష్ఠంగా ఇవ్వగల మొత్తాన్ని ముందే నమోదు చేస్తే సైటు మీ తరఫున మెల్లగా పెంచుతూ పోతుంది. నకిలీ పాటదారు ఆ గరిష్ఠాన్ని తాకేదాకా నెట్టుతాడు. ఒకే ఖాతా ఒకే అమ్మకందారు వస్తువులపై పదేపదే పాడుతూ ఎప్పుడూ గెలవకపోవడం దీని ముఖ్య లక్షణం. పాట మొదలుకాకముందే ధర నిర్ణయించుకుని కాగితంపై రాసుకున్నవారికి ఈ ఎత్తుగడ వల్ల నష్టం తక్కువ. వేలంలో ఓడిన తర్వాత, గెలిచినవారు తప్పుకున్నారు, మీకే ఇస్తాం, ఈ నంబరుకు డబ్బు పంపండి అని వాట్సాప్‌లో సందేశం వస్తే దాన్ని నమ్మకూడదు. నిజమైన రెండో అవకాశం సైటులోని మీ ఖాతాలోనే కనిపిస్తుంది.

చెల్లింపు ఎలా చేశారన్నదానిపైనే వాపసు చాలావరకు ఆధారపడి ఉంటుంది. సైటు లోపలి చెల్లింపు మార్గాన్ని వాడితేనే సైటు హామీ వర్తిస్తుంది. బయట చెల్లిస్తే రాయితీ ఇస్తామనే అమ్మకందారు ఆ రాయితీతో మీ హామీని కొనేస్తున్నాడు. పేపాల్‌లో స్నేహితులు, కుటుంబసభ్యుల పేరిట పంపిన సొమ్ముకు కొనుగోలుదారు రక్షణ లేదు. మన దేశంలో యూపీఐ ద్వారా మీరే పిన్ కొట్టి పంపిన సొమ్మును బ్యాంకు తనంతట తాను వెనక్కి తేలేదు. అనుమతి లేని లావాదేవీని మూడు పనిదినాల్లో తెలిపితే ఖాతాదారుకు బాధ్యత ఉండదన్న రిజర్వు బ్యాంకు నియమం ఇటువంటి చెల్లింపులకు సాధారణంగా అక్కరకు రాదు. ఎందుకంటే అనుమతి మీరే ఇచ్చారు. క్రెడిట్ కార్డు అయితే బ్యాంకుకు వివాద ఫిర్యాదు ఇచ్చే వీలుంది. గడువు ఉంటుంది కనుక ఆలస్యం చేయకూడదు.

చూడకుండా కొన్న వస్తువును చూసిన తర్వాత తిరస్కరించే హక్కును హనఫీ ధర్మశాస్త్రం కొనుగోలుదారుకు ఇచ్చింది. దాచిన లోపం బయటపడితే తిప్పి ఇచ్చే హక్కు అంతకంటే విస్తృతంగా అంగీకరించబడినది. వీటిని 'ఖియార్' అంటారు. (వెండి, బంగారు నాణేల కొనుగోలులో చెల్లింపు, స్వాధీనం ఒకేసారి జరగాలన్న షరతు ఆన్‌లైన్ కొనుగోలుకు ఎలా వర్తిస్తుందో మీ ప్రాంతపు ఆలిమ్‌ను అడగండి.) నేటి సైట్లు ఇచ్చే హక్కుకు మాత్రం గడియారం తగిలించి ఉంటుంది. ఈబేలో వస్తువు చేరిన నాటి నుంచి, చేరకపోతే చేరవలసిన చివరి తేదీ నుంచి 30 రోజుల్లోగా ఫిర్యాదు తెరవాలి. అమ్మకందారుకు మూడు పనిదినాలు సమయమిస్తారు. అప్పటికీ తేలకపోతే జోక్యం చేసుకోమని ఈబేను మీరే కోరాలి. పేపాల్‌లో చెల్లించిన నాటి నుంచి 180 రోజులుంటాయి. కానీ తెరిచిన వివాదాన్ని 20 రోజుల్లో క్లెయిముగా మార్చకపోతే అది దానంతటదే మూతపడుతుంది.

అనుభవమున్న మోసగాడు తగవు పెట్టుకోడు. చాలా మర్యాదగా మాట్లాడతాడు. ఇంట్లో అనారోగ్యం, వచ్చే వారం పంపుతాను, ముందు ఫిర్యాదు మూసేయండి, నా ఖాతా స్తంభించిపోయింది అంటాడు. జాలిపడి మూసినవారి ఫిర్యాదు మళ్ళీ తెరుచుకోదు. సొమ్ము ఖాతాలో పడేదాకా ఫిర్యాదు తెరిచే ఉంచడం కఠినత్వం కాదు. ఆ గడువు అతనికీ తెలుసు. పొట్లం విప్పేటప్పుడు చిరునామా చీటీ కనిపించేలా ఆగకుండా వీడియో తీయడం, తక్కెడపై నాణెం బరువు చూపే ఫొటో తీయడం, వేలం పేజీ వివరణను గెలిచిన రోజే భద్రపరచడం చేయాలి. వాపసు పంపేటప్పుడు సైటు చూపిన చిరునామాకే, ట్రాకింగ్ నంబరుతోనే పంపాలి.

మన దేశపు సైటు అయితే చట్టం మరింత అండగా ఉంది. 2020 నాటి వినియోగదారుల రక్షణ ఈ-కామర్స్ నియమాల ప్రకారం నకిలీ వస్తువును, ప్రకటనలో చెప్పిన లక్షణాలు లేని వస్తువును వెనక్కి తీసుకోవడానికీ, సొమ్ము తిరిగి ఇవ్వడానికీ అమ్మకందారు నిరాకరించకూడదు. సైటు ఫిర్యాదుల అధికారి 48 గంటల్లో అందినట్టు తెలిపి, నెలలోగా పరిష్కరించాలి. అయితే ఇంట్లోని పాత నాణెం ఒక్కసారి అమ్ముకున్న సామాన్య వ్యక్తికి ఈ నియమాలు వర్తించవు. క్రమంగా వ్యాపారం చేసేవారికే వర్తిస్తాయి. అందుకే కొనేముందు అమ్మకందారు చరిత్ర చూడాలి.

1915 నంబరుకు ఫోన్ చేస్తే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రంలో తెలుగులోనూ మాట్లాడవచ్చు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. మీరు నివసించే జిల్లాలోనే ఫిర్యాదు వేయవచ్చు. చెల్లించిన మొత్తం ఐదు లక్షల లోపు అయితే రుసుము లేదు. కారణం ఏర్పడిన నాటి నుంచి రెండేళ్ళ గడువు. అమ్మకందారు అడ్రసు లేకుండా మాయమైతే అది పోలీసుల పని. వెంటనే 1930కి ఫోన్ చేయాలి. సొమ్ము మరో ఖాతాకు తరలకముందే స్తంభింపజేసే అవకాశం మొదటి గంటల్లోనే ఎక్కువ.

ఫిర్యాదు చేసిన తర్వాత వచ్చే ఫోన్ విషయంలో మరింత జాగ్రత్త అవసరం. మీ రీఫండ్ సిద్ధంగా ఉంది, ఈ క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టండి అంటారు. యూపీఐలో డబ్బు అందుకోవడానికి పిన్ అవసరం లేదు. పిన్ అడిగారంటే డబ్బు వెళ్ళబోతోందన్నమాట. ఇంటర్నెట్‌లో వెతికితే దొరికిన కస్టమర్ కేర్ నంబరుకు కాక, సైటు లోపల ఉన్న నంబరుకే ఫోన్ చేయాలి.

గల్ఫ్‌లోనో, అమెరికాలోనో ఉన్న పిల్లల ద్వారా, లేదా నేరుగా విదేశీ వేలంలో పాత నాణేలు కొనేవారికి ఒక చిక్కు ఉంది. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్ళు దాటిన నాణెం పురావస్తువు. విలువైన రాతప్రతులకు ఆ పరిమితి 75 ఏళ్ళే. వీటిని దేశం దాటించడం నేరం, శిక్ష ఆరు నెలల నుంచి మూడేళ్ళ దాకా ఉంటుంది. తాతగారి చార్మినార్ రూపాయిని విదేశంలోని మనవడికి పోస్టులో పంపడం కూడా ఇందులోకే వస్తుంది. విదేశం నుంచి కొన్న నాణెం నచ్చక వెనక్కి పంపాలన్నా ఇదే అడ్డొస్తుంది. అది నకిలీ అయినా కస్టమ్స్ ఆపవచ్చు. అప్పుడు భారత పురావస్తు సర్వేక్షణ శాఖ నుంచి అది పురావస్తువు కాదన్న ధ్రువపత్రం తెచ్చుకోవాలి. ఈలోగా సైటు పెట్టిన గడువు దాటిపోవచ్చు. కనుక ఆ పని మొదలుపెట్టిన రోజే సైటు ఫిర్యాదులో ఆ విషయం రాసి, దరఖాస్తు రశీదు జతచేయాలి.