గాజు కడ్డీ చెప్పెడి సాక్ష్యము

కొలత తప్పిన ఔషధము విషమగునని పెద్దలందురు. సీసాలోని మందునకు గిన్నెకొలత గలదు. కంటికి కానరాని కిరణములకు కొలత యేది? మన బంధువులలో నెవరికైనను రాచపుండునకు, అనగా క్యాన్సరుకు, కిరణచికిత్స జరుగునపుడు మనము భయపడుటయే గాని యీ ప్రశ్న వేయుట యరుదు. తప్పక వేయవలెనని నా యభిప్రాయము.

ఒక కిలోగ్రాము పదార్థము ఒక జౌలు కిరణశక్తిని గ్రహించినచో ఆ మోతాదును ఒక గ్రే అందురు. మోతాదు తగ్గినచో వ్రణము మరల తలయెత్తవచ్చును. హెచ్చినచో చుట్టునున్న ఆరోగ్యకణములు చెడును. యంత్రము తప్పినను రోగికి ఆ క్షణమున నొప్పి తెలియదు. ఇందుకే కొలత కావలెను.

ఆ కొలత సాధనములలో నొకటి చిన్న గాజు కడ్డీ. 1.5 మిల్లీమీటర్ల మందము, 12 మిల్లీమీటర్ల పొడవు గలవి వాడుకలో నున్నవి. ఫాస్ఫేటు గాజులో కొంచెము వెండి చేర్చి దీనిని చేయుదురు. కిరణములు సోకగా అందలి వెండి అయానులు మార్పుచెందును. పిదప అతినీలలోహిత కాంతిని ప్రసరింపజేసినచో గాజు నారింజవన్నె వెలుగునిచ్చును. మోతాదు హెచ్చినకొలది వెలుగు హెచ్చును. చదివినంత మాత్రమున ఆ గుర్తు చెరగదు. సుమారు 400 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమిలో నుంచిననే చెరగును. మరల మరల అడిగినను మాట మార్చని సాక్షి యిది!

అంతర్జాతీయ అణుశక్తి సంస్థయు, ప్రపంచ ఆరోగ్య సంస్థయు కలసి 1969 నుండి తపాలా మూలమున ఆసుపత్రుల మోతాదులను పరీక్షించుచున్నవి. తొలుత వేడిచేసి చదివెడి పొడిని పంపెడివారు. 2017 నుండి గాజు కడ్డీలను పంపుచున్నారు. ఆసుపత్రివారు కడ్డీని నీటిలో నుంచి, 2 గ్రేల మోతాదు నిచ్చి, తిరిగి పంపుదురు. వారు చెప్పినదానికిని, కడ్డీ చూపినదానికిని నూటికి 5 పాళ్ళకు మించి భేదముండరాదు. ఉన్నచో కారణము వెదకి సరిదిద్దవలెను.

"మా యంత్రమును మేమే చూచుకొందుము, పరుల పరీక్ష యెందులకు?" అని యెవరైన ననవచ్చును. నిత్యపరీక్ష వారిదే, నిజము. కాని కొలబద్దయే తప్పయినచో నూరుమారులు కొలిచినను ఆ తప్పే వచ్చును. మన తుదిపరీక్ష పత్రములను వేరొకచోటి ఉపాధ్యాయులు దిద్దుట మన గురువులకు అవమానమా? కాదుగదా! ఇదియు నట్టిదే.

తలిదండ్రులారా! చికిత్సాలయమున, "మీ యంత్రపు మోతాదును బయటివారు పరీక్షించిరా?" అని వినయముతో నడుగుడు. విద్యార్థులారా! ఇంట తెలుగును, వీధిలో వేరొక భాషను పలుకు మనకు రెండు నోళ్ళున్నవి. ఈ విషయమును తెలుగున చక్కగా గ్రహించి, ఇరుగుపొరుగువారికి వారి భాషలో తెలుపుడు. రోగి ప్రాణము ఏ భాషదైనను కొలత ఒక్కటే.